ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తితే మోకాలు నొస్తోంది, ఇంట్లోనే ఇంకేం చేయొచ్చు?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాకు 47 ఏళ్లు. ప్రభుత్వ బడిలో టీచర్‌ని, నల్గొండలో ఉంటాను. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 74 కిలోలు. బీపీకి రోజూ ఒక గోలి వేసుకుంటాను. ఈమధ్య రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. షుగర్ బార్డర్‌లో ఉంది, రోజూ ఎక్సర్‌సైజ్ చేయాలి అన్నారు డాక్టర్. పొద్దున బయటికి వెళ్దామంటే మా గల్లీలో కుక్కల భయం. బడి నుంచి వచ్చేసరికి ఎండ దిగదు. అందుకని మా అబ్బాయి ట్రెడ్‌మిల్ కొనిచ్చాడు. మొదటి రోజు నుంచే 20 నిమిషాలు పరుగెత్తాను. మూడు వారాలకు కుడి మోకాలు ముందు భాగంలో నొప్పి మొదలైంది. మెట్లు దిగేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు ఎక్కువ. మేం పై అంతస్తులో అద్దెకు ఉంటున్నాం, దబదబ శబ్దం వస్తోందని కింద ఓనర్ వాళ్లు రెండుసార్లు చెప్పారు. గుజ్జు అరిగిపోయింది, ఇంక మానెయ్ అంటున్నారు మావారు. మాది మునుగోడు వైపు పల్లె. మా అమ్మ ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయింది, ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. నాకూ అదే మొదలైందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ట్రెడ్‌మిల్ అమ్మేసి ఇంట్లో తొక్కే సైకిల్ కొనాలా, నిలబడి కాళ్లూ చేతులూ ఆడించే క్రాస్ ట్రైనర్ కొనాలా? ఇంట్లో ఉండి నాలాంటి వాళ్లు ఏం చేయొచ్చు?

జవాబు: టీచర్ గారూ, మీరు చివర్లో రాసిన అమ్మ సంగతితోనే మొదలుపెడతాను. ఆ భయం అలాగే ఉంచి సైకిల్, క్రాస్ ట్రైనర్ అని నేనెంత చెప్పినా మీకు నిద్ర పట్టదు.

నేను పాలమూరులో ఫిజియోథెరపిస్టుని. మునుగోడు, మర్రిగూడ వైపు పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్లను చూశాను. మెడ తిరగక, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పే మనుషులు వాళ్లు. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతిని దేశదేశాల పుస్తకాల్లో 'నల్గొండ టెక్నిక్' అని రాస్తారు. మన నల్గొండ పేరు ఆ పుస్తకాల్లోకి ఎక్కింది మీ అమ్మగారి లాంటి వాళ్లు పడ్డ బాధ వల్లనే. అందుకే మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

కానీ మీరు రాసిన నొప్పి ఆ జబ్బు నొప్పిలా లేదు. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఆ జబ్బు, ఫ్లోరోసిస్, ఒక్క మోకాలిని పట్టుకుని మూడు వారాల్లో రాదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎముకల్లో చేరుతూ పోతే మెడ, వెన్ను, తుంటి, భుజాలు మెల్లగా బిగుసుకుంటాయి. అదీ రెండు వైపులా. పల్లెల్లో సర్వేకు వెళ్లినవాళ్లు చేయించి చూసే మూడు పనులున్నాయి, మీరూ ఇంట్లో చేసి చూసుకోండి. నిలబడి గడ్డాన్ని ఛాతీకి ఆనించండి. రెండు చేతులూ ఎత్తి తల వెనక పెట్టుకోండి. మోకాళ్లు మడవకుండా ముందుకు వంగి నేల మీది రూపాయి బిళ్ల అందుకోండి. మూడో దాంట్లో పొట్ట అడ్డొచ్చి వేళ్లు అందకపోతే దిగులు పడొద్దు. చూడాల్సింది వెన్ను విల్లులా వంగుతుందా, కర్రలా ఉండిపోతోందా అన్నదే. మూడూ వస్తే ఆ భయం ఈరోజుకు పక్కన పెట్టండి. ఏది రాకపోయినా దవాఖానకు వెళ్లి, చిన్నప్పుడు ఏ ఊరి బోరు నీళ్లు తాగారో డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, ముంజేతి ఎక్స్‌రేతో చాలావరకు తేలుతుంది.

ఇక మోకాలు. ఎప్పుడూ పరుగెత్తని మనిషి మొదటి రోజే 20 నిమిషాలు పరుగెత్తారు. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు, రెండున్నర రెట్ల తాకిడి కాలి మీద పడుతుంది. నడకలో అది ఒంటి బరువు కంటే కాస్తే ఎక్కువ. మీ 74 కిలోలకు లెక్క కట్టండి. క్వింటాలున్నర పైమాటే. 20 నిమిషాల్లో ఒక్కో కాలు ఇంచుమించు 1500 సార్లు ఆ బరువు మోసింది. నొప్పి ముందు భాగంలో ఉండడం, మెట్లు దిగేటప్పుడు, లేచేటప్పుడు పెరగడం చూస్తే మోకాలి చిప్ప, దాని చుట్టూ ఉన్న భాగం రేగినట్టుంది. మోకాలు పట్టి చూడకుండా ఖాయంగా చెప్పను కానీ, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ తీరు చాలా ఎక్కువ.

మీవారు అన్నట్టు గుజ్జు అరగడం మూడు వారాల పని కాదు. పరుగే మోకాళ్లను తినేస్తుందన్న మాట కూడా నిజం కాదు. ఏళ్లుగా ఓ మోస్తరుగా పరుగెత్తేవాళ్ల మోకాళ్లు పరుగెత్తని వాళ్లకంటే ఎక్కువగా ఏమీ అరగవు. అలవాటు లేని తొడ కండరం మీద ఒక్కసారే అంత పని వేయడం దగ్గర పొరపాటు జరిగింది. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో మోకాలు నొప్పి అనగానే నెల రోజులు విశ్రాంతి అని చెప్పేదాన్ని. నెల తర్వాత వాళ్లే రెండు కిలోలు పెరిగి, తొడ సన్నబడి, అదే నొప్పితో తిరిగి వచ్చేవాళ్లు. ఒంట్లో ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు అడుగడుక్కీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. పెరిగినా అదే లెక్క. అందుకే ఇప్పుడు మానేయమని ఎవరికీ చెప్పను. మీకు చెప్పేదీ అదే: పరుగు ఆపండి, కదలిక ఆపకండి.

మీ గుండెకు మీరు ఏ మెషీన్ మీద ఉన్నారో తెలియదు. కాళ్లలో, చేతుల్లో పెద్ద కండరాలు ఆగకుండా పని చేస్తూ ఆక్సిజన్ అడుగుతుంటే అది వేగంగా కొట్టుకుంటుంది, అంతే. ఆ పనికి పరుగే కావాలని లేదు. మీ షుగర్‌కూ అంతే. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మీలాగే బార్డర్‌లో ఉన్నవాళ్ల మీద అధ్యయనం చేసి 2006లో ఫలితాలు ప్రచురించింది. తిండి మార్చుకుని, రోజూ అరగంట చురుగ్గా నడిచినవాళ్లలో షుగర్ జబ్బుగా మారే అవకాశం 28 శాతానికి పైగా తగ్గింది. వాళ్లకు చెప్పింది నడక, పరుగు కాదు.

ఎంత దమ్ము రావాలి అన్నదానికి గడియారం, వాచీ అక్కర్లేదు. చేస్తూ చేస్తూ పక్కవాళ్లతో రెండు వాక్యాలు మాట్లాడగలగాలి, బతుకమ్మ పాట మాత్రం ఎత్తుకుని నిలపలేకపోవాలి. హాయిగా పాడగలుగుతున్నారంటే వేగం చాలదు. మాటే రావడం లేదంటే తగ్గించాలి. నాడి లెక్కలో అయితే మీ వయసుకు నిమిషానికి 110 నుంచి 130. కానీ మీరు వేసుకునే గోలి పేరు రాయలేదు. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివైతే ఎంత శ్రమ పడ్డా నాడి అంతగా పెరగదు. అందుకే మీరు మాట, పాట లెక్కనే నమ్ముకోండి.

ట్రెడ్‌మిల్ అమ్మకండి. దాని మీద నడవండి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో చదునుగా నడిచేదానికంటే, అదే వేగంతో ముందు భాగం 5 శాతం ఎత్తి నడిస్తే శ్రమ ఒకటిన్నర రెట్లు దాటుతుంది. తాకిడి మాత్రం నడకదే. షాపువాళ్లు ఆ ఎత్తును ఇంక్లైన్ అంటారు. మీ మెషీన్‌కు బటన్ లేకపోతే ముందు కాళ్ల దగ్గర చేత్తో మార్చే మూడు మెట్లు ఉన్నాయేమో చూడండి. మొదటి వారం చదునుగా, 4 కిలోమీటర్ల వేగంతో 10 నిమిషాలు చాలు. మోకాలు ఒప్పుకుంటే వేగం 5కు తెచ్చి, ఆ తర్వాతే ఎత్తు పెంచండి. ముందున్న రాడ్ పట్టుకుని వేలాడకండి, అలా చేస్తే ఎత్తు పెట్టిన లాభమంతా చేతుల్లోకి పోతుంది. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే ఓనర్ వాళ్లకూ ఇబ్బంది తగ్గుతుంది. నడకలో ఆ దబదబ ఎలాగూ ఉండదు.

కానీ ముందుగా మీరు చేయాలని నేను కోరేది మెషీన్ కాదు. మీకు ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చిన పని, బతుకమ్మ ఆట. సద్దుల నాడు గంటల తరబడి తిరిగినా మన ఆడవాళ్లకు మోకాళ్లు పట్టేయడం అరుదు, ఎందుకో గమనించండి. పాదం నేల మీద జారినట్టు పడుతుంది, ఎగరడం ఉండదు. ఒక కాలు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. అడుగు, వంపు, చప్పట్లు, మళ్లీ అడుగు. కాళ్లతో పాటు చేతులూ భుజాలూ ఆడుతుంటాయి కాబట్టి దమ్ము తొందరగా వస్తుంది. మోకాలి నొప్పి మనిషికి నేనే ఒక వ్యాయామం తయారు చేయాలన్నా ఇంతకంటే మంచిది చేయలేను.

హాలు మధ్యలో ఒక ఖాళీ బిందె పెట్టుకోండి. చుట్టూ రెండడుగుల జాగా చాలు. ఫోన్‌లో మీకిష్టమైన బతుకమ్మ పాటలు పెట్టుకుని మొదటి పాటకు మెల్లగా తిరగండి, ఒళ్లు వేడెక్కడానికి. రెండో పాట నుంచి వేగం పెంచండి. వంగేటప్పుడు మోకాళ్లు మరీ మడవకుండా తుంటి దగ్గర వంగండి, నడుము నిటారుగా ఉంచి. పాట మారినప్పుడల్లా దిశ మార్చండి. ఎప్పుడూ ఒకే వైపు తిరిగితే లోపలి కాలికే మెలిక పడుతుంటుంది. మూడు పాటలతో మొదలుపెట్టి ఆరు పాటలకు తెచ్చుకోండి. ఇంట్లో నేలంతా బండలో గ్రానైటో ఉంటే వట్టి కాళ్లతో వద్దు. ఇంట్లో చెప్పులు వేసుకోరని తెలుసు. వీధిలోకి ఎప్పుడూ తేని ఒక జత మెత్తని స్పోర్ట్స్ షూ దీనికోసమే పెట్టుకోండి.

పాటల మూడ్ లేని రోజు నిలబడిన చోటే నడవండి. మోకాలు నడుము దాకా ఎత్తనక్కర్లేదు, జానెడు ఎత్తితే చాలు, చేతులు మాత్రం బాగా ఊపాలి. నిమిషానికి 100 అడుగులు పడుతున్నాయంటే ఒక మాదిరి వ్యాయామం కిందికి వచ్చినట్టే. మీరు టీచర్ కదా, ఒక్క నిమిషం అడుగులు లెక్కపెడితే చేతికి అందిపోతుంది. మోకాలు బాగా మూలిగే రోజు కుర్చీలో కూర్చుని, ఊపిరి బిగపట్టకుండా, గాలిలోకి కుడి ఎడమ గుద్దులు విసరండి. ఒక నిమిషం గుద్దులు, అర నిమిషం విశ్రాంతి, అలా పది సార్లు. మన అమ్మమ్మలకు ఇసుర్రాయి, రోకలి ఈ పనే చేసిపెట్టేవి. చేతులతో కూడా గుండెను పరుగెత్తించొచ్చు.

ఇక సైకిలా, క్రాస్ ట్రైనరా అన్నారు. మీకైతే సైకిలే. కూర్చుని తొక్కేది కాబట్టి ఒంటి బరువు సీటు మోస్తుంది, మోకాలు తిరగడమే తప్ప మోయాల్సిన పని తక్కువ. అయితే సీటు ఎత్తు తప్పితే అదే సైకిల్ మోకాలి చిప్పను ట్రెడ్‌మిల్ కంటే ఎక్కువ ఏడిపిస్తుంది. సీటు కిందికి ఉంటే నేల అందుతుంది, భయం ఉండదు అని మనవాళ్లు బాగా దించేస్తారు. అప్పుడు మోకాలు ఛాతీ దాకా మడిచి తొక్కాల్సి వస్తుంది, చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టండి. పెడల్ అడుగుకు వెళ్లినప్పుడు కాలు సరిగ్గా చాపినట్టు రావాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా మడిచి ఉంటుంది. మీకు కావలసిన ఎత్తు అదే. బరువు నాబ్ బాగా వదులు చేసి, కుడి కాలు 15 సెకన్లలో 15 నుంచి 18 సార్లు కిందికి వచ్చేట్టు తొక్కండి. గట్టిగా బిగించి మెల్లగా తొక్కడం మీకు ఇప్పుడు పనికిరాదు. చున్నీ, కొంగు పక్కన పెట్టి ఎక్కండి. చక్రంలో చిక్కి పడ్డవాళ్లను చూశాను.

చేతులు కూడా ఆడే ఫ్యాన్ సైకిల్, షాపుల్లో ఎయిర్ బైక్ అంటారు, మీకు బాగుంటుంది. జిమ్‌లో తొక్కే స్పిన్ బైక్‌లు చాలావాటికి మనం ఆపినా పెడల్ వెంటనే ఆగదు, బరువైన చక్రం తిప్పుతూనే ఉంటుంది. కొత్తవాళ్లకు వద్దు. క్రాస్ ట్రైనర్ చెడ్డదేం కాదు. పాదం పెడల్ మీంచి లేవదు కాబట్టి తాకిడి ఉండదు, చేతులూ కదులుతాయి. కానీ ఇంటికి కొనే చిన్న మోడళ్లలో అడుగు కురచ. కాలు సాగకుండా పొట్టి పొట్టిగా తిరిగేసరికి మోకాలికి కుదుపు తగులుతుంది. కొనేముందు షాపులోనే పది నిమిషాలు తొక్కి చూడనిస్తేనే తీసుకోండి. అసలు ఆరు వారాలు బిందె చుట్టూ తిరగడం, ట్రెడ్‌మిల్ నడక నిలబెట్టుకున్నాకే ఏదైనా కొనండి. బట్టలు ఆరేసుకోవడానికి ఇంకో స్టాండ్ మీకు అక్కర్లేదు.

ఇప్పటికి దూరం పెట్టాల్సినవి: తాడాట, ఎగిరి దూకే ఫోన్ వీడియోలు, కాళ్ల కింద పెట్టుకుని తొక్కే మినీ స్టెప్పర్. పడవ తెడ్డు వేసినట్టు లాగే రోయింగ్ మెషీన్ గుండెకు చాలా మంచిదే కానీ ముందుకు జరిగినప్పుడు మోకాలు పూర్తిగా మడుస్తుంది, మీ నొప్పి పోయాక చూద్దాం.

నొప్పిని ఇలా కొలవండి. సున్నా అంటే లేదు, పది అంటే భరించలేనిది. చేస్తున్నప్పుడు మూడు వరకు ఉండొచ్చు, మర్నాడు పొద్దుటికి మామూలుకు రావాలి. మర్నాడు ఎక్కువుంటే సమయం సగం చేయండి, మానకండి. వారానికి రెండు రోజులు కాస్త ఎత్తైన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం, పక్కకు పడుకుని పై కాలు ఎత్తడం చేయండి. తొడ, తుంటి గట్టిపడితే మోకాలి చిప్ప తన దారిలో తాను కదులుతుంది. నొప్పి తగ్గడానికి ఇవే అన్నిటికంటే ముఖ్యం, వీటినే అందరూ ఎగ్గొడతారు.

మొత్తం సమయం వారానికి 150 నిమిషాలకు తీసుకెళ్లాలి, తొందర లేదు. ఒకప్పుడు పది నిమిషాలకు తక్కువైతే లెక్కలోకి రాదనేవారు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నియమం తీసేసింది. అందుకని విడగొట్టుకోండి. ముఖ్యంగా రాత్రి అన్నం తిన్నాక పది, పదిహేను నిమిషాలు ఇంట్లోనే మెల్లగా నడవండి. తిన్నాక పెరిగే షుగర్ అప్పుడే బాగా దిగుతుంది. ఎండకాలం మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలే, పై అంతస్తు స్లాబ్ సాయంత్రానికి పొయ్యిలా కాలుతుంది. ఆ నెలల్లో పొద్దున ఏడు లోపే ముగించండి, ఫ్యాన్ కింద చేయండి, నీళ్లు పక్కనే ఉంచుకోండి. వేడిలో గుండె మామూలు కంటే ఎక్కువగా కొట్టుకుంటుంది, ఆ రోజు వేగం తగ్గించడం తప్పు కాదు.

మొదలుపెట్టే ముందు ఒకసారి బీపీ చూపించుకుని, ఈ కాగితం మీ డాక్టర్‌కు చూపించండి. మోకాలు వాచినా, ఎర్రబడి వేడెక్కినా, మధ్యలో పట్టేసి చాపలేకపోయినా, నడుస్తుంటే వదిలేసినట్టు అనిపించినా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా ఆగకుండా చూపించుకోండి. ఛాతీలో బిగింపు, చెయ్యికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆపేసి అప్పుడే దవాఖానకు వెళ్లాలి, తెల్లారనిద్దాం అనుకోకూడదు.

ఇంకొక్క మాట, అమ్మగారి గురించి. మీరు బిందె చుట్టూ తిరిగేటప్పుడు ఆమెను గోడకు ఆనించిన చేతుల కుర్చీలో కూర్చోబెట్టండి. వంగమని, మెడ తిప్పమని బలవంతం చేయొద్దు, బిగుసుకున్న ఎముకలు తేలిగ్గా విరుగుతాయి. చేతులు ఎంత వరకు లేస్తే అంత వరకు చప్పట్లు, కూర్చునే మడమలు ఎత్తి దించడం, అంతే. ఫోన్ ఆపేసి పాట ఆమెనే ఎత్తుకోమనండి. మీరు వంత పాడలేకపోతున్నారంటే వేగం సరిపోయిందని ఆమే చెబుతారు.